క్వార్టరు ధర పెంచితే ఎవరు తగ్గిస్తారు, ఎవరు తగ్గించరు

ధర పెంచితే తాగుడు తగ్గుతుంది. దీని మీద ఇంకా వాదన అవసరం లేదు, చాలా దేశాల లెక్కలు ఉన్నాయి. కాకపోతే అందరిలో ఒకేలా తగ్గదు. ఎవరి తాగుడు వల్ల ఇంట్లో పొయ్యి వెలగడం లేదో, అతనిలోనే అందరికన్నా తక్కువ తగ్గుతుంది. ఆ తగ్గని భాగానికి డబ్బు కట్టేది అతను కాదు, అతని ఇల్లు. కాబట్టి ధర పెంచమని అడిగేవాళ్ళు దాంతోపాటే ఇంకో రెండు అడగాలి: బెల్టు షాపు (లైసెన్సు లేకుండా ఊళ్ళో మందు అమ్మే చోటు) ఎత్తేయడం, వ్యసనంలో పడ్డవాడికి వైద్యం. ఈ రెండూ లేకుండా ఒక్క ధరనే పెంచితే ఏం జరుగుతుందో నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సీసా ధర కాదు, గ్రాము ధర

ముందు లెక్క సరిచేసుకోవాలి. మద్యం ధర గురించి మాట్లాడేటప్పుడు అందరూ సీసా రేటే చెబుతారు. ఒంటికి తగిలేది సీసా కాదు, అందులో ఉన్న ఆల్కహాలు. దాన్ని లెక్కగట్టడం కష్టమేమీ కాదు. సీసా మీద ఎన్ని మిల్లీలీటర్లో ఉంటుంది, ఎంత శాతం ఆల్కహాలో ఉంటుంది. ఆ రెంటినీ గుణించి 100తో భాగించి, వచ్చినదాన్ని 0.79తో గుణిస్తే గ్రాములు వస్తాయి.

మన షాపుల్లో దొరికే బ్రాందీ, విస్కీ, రమ్ములో ఆల్కహాలు 42.8 శాతం. క్వార్టరు 180 మిల్లీలీటర్లు. అంటే 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు, సుమారు 61 గ్రాములు. వైద్యులు 10 గ్రాములను ఒక డ్రింకుగా లెక్కేస్తారు కాబట్టి ఒక్క క్వార్టరు ఆరు డ్రింకులు, నైంటీ కొడితే మూడు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం అనుకుంటే 41 గ్రాములు, నాలుగు డ్రింకులు. 5 శాతం ఉండే మామూలు బీరైతే 26 గ్రాములు.

ఇప్పుడు ధర పక్కన పెట్టి చూడండి. 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో ₹99కి క్వార్టరు దొరుకుతోంది. గ్రాముకు ₹1.62 పడింది. స్ట్రాంగ్ బీరు సీసా ₹160 అనుకుంటే గ్రాముకు ₹3.90. చీమకుర్తి క్వారీలో రాళ్ళు మోసేవాడు, రొయ్యల గుంట కాపలాదారు బీరు వదిలి క్వార్టరు ఎందుకు పట్టుకుంటారో ఈ రెండు అంకెలే చెబుతాయి. తక్కువ డబ్బుకు ఎక్కువ మత్తు ఎక్కడుందో తాగేవాడికి ఏ లెక్కల మాస్టారూ నేర్పనక్కర్లేదు.

కూలితో పోల్చి చూడటం ఇంకా ముఖ్యం. మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 2019-20లో రోజుకు ₹211, 2025-26లో ₹307. ఆరేళ్ళలో 45 శాతం పెరిగింది. ఈ ఆరేళ్ళూ మద్యం ధర కదలకుండా ఉంటే, కాగితం మీద ధర తగ్గించకపోయినా కూలివాడి లెక్కన మద్యం దాదాపు మూడోవంతు చౌకైనట్టే. ధర "పెంచలేదు" అంటే చాలా సందర్భాల్లో తగ్గించారనే అర్థం. ఇవాళ ఒక క్వార్టరు, ఉపాధి కూలిలో మూడోవంతు.

వందకు పది పెంచితే

ధరకూ తాగుడుకూ ఉన్న సంబంధం మీద ప్రపంచంలో వచ్చిన 112 అధ్యయనాలను కలిపి 2009లో ఒక పెద్ద విశ్లేషణ చేశారు. ధర 10 శాతం పెరిగితే మొత్తం వాడకం సుమారు 5 శాతం తగ్గుతుందని తేలింది. ఘాటు మద్యం ఒక్కటే చూస్తే 8 శాతం దాకా. కానీ బాగా ఎక్కువగా తాగేవాళ్ళను విడిగా చూస్తే తగ్గేది 3 శాతం లోపే.

ఈ ఆఖరి అంకె దగ్గర చాలామంది ఆగిపోయి, "చూశారా, తాగుబోతు మీద ధర పని చెయ్యదు" అంటారు. పని చేస్తుంది, తక్కువ చేస్తుంది. ఆ తేడాని ఒక ఇంటి లెక్కలో పెడితే గాని విషయం తలకెక్కదు.

రోజుకు రెండు క్వార్టర్లు తాగే మనిషిని తీసుకుందాం. నెలకు 60 క్వార్టర్లు, ₹99 చొప్పున ₹5,940. రోజుకూలి ₹600, నెలకు 22 రోజులు పని దొరికిందనుకుంటే సంపాదన ₹13,200. అందులో నూటికి 45 మద్యానికే పోతోంది. ఇప్పుడు ప్రభుత్వం 20 శాతం పెంచి క్వార్టరు ₹119 చేసింది. ఇలాంటివాడి తాగుడు పైన చెప్పిన లెక్కన 5 నుంచి 6 శాతం తగ్గుతుంది, అంటే 60 నుంచి 57కి. ఖర్చు? 57 సార్లు ₹119, మొత్తం ₹6,783. నెలకు మూడు క్వార్టర్లు తగ్గాయి, ఇంటికి వచ్చే డబ్బు ₹843 తగ్గింది. సంపాదనలో సగానికి పైగా షాపుకే చేరింది.

అదే నెలకు పది క్వార్టర్లతో సరిపెట్టుకునేవాడు ఒకటి తగ్గించుకుని తొమ్మిదికి వస్తాడు. అతని ఖర్చు ₹990 నుంచి ₹1,071 అవుతుంది. ఇంట్లో పెద్ద తేడా కనపడదు, లివరుకు మాత్రం తేడా ఉంటుంది. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన ఇరవై ఏళ్ళ కుర్రాడి దగ్గర ధర అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. వాడి జేబులో ఉన్నది కొంచెమే, అలవాటు ఇంకా ఒంట్లో దిగలేదు, స్నేహితులతో వాటా వేసుకుంటేనే సీసా వస్తుంది. ధర పెరిగితే వాడు వారానికి రెండుసార్లు తాగేవాడల్లా ఒకసారి తాగుతాడు. ఆ తగ్గుదల పదేళ్ళ తర్వాత ఆసుపత్రి లెక్కల్లో కనిపిస్తుంది, ఈ ఏడాది కనిపించదు. ఏ ప్రభుత్వానికీ పదేళ్ళ తర్వాతి లెక్క మీద ఆసక్తి ఉండదు, మనకు ఉండాలి.

అందుకే ఈ వాదనలో ఇద్దరికీ తమ వీధిలోనే సాక్ష్యం దొరుకుతుంది. ఒకరు కుర్రాడిని చూపిస్తారు, ఒకరు రెండు క్వార్టర్ల మనిషిని చూపిస్తారు. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వాళ్ళలో 5.7 కోట్ల మందికి తాగుడు హాని చేసే స్థాయిలోనో, వ్యసనంగానో ఉంది. అంటే మిగతా పది కోట్ల పైచిలుకు మందిని ఆ హద్దు దాటకుండా ఆపేది ధర. దాటినవాళ్ళకు ధర ఒక్కటే చాలదు.

కిందికి దిగడం

ధర పెంచే తీరులోనూ పెద్ద చిక్కుంది. మన దగ్గర పెంపు ఎక్కువగా శాతాల్లో వస్తుంది. ₹99 క్వార్టరు, ₹200 క్వార్టరు ఉన్నాయనుకోండి. రెండింటి మీదా 20 శాతం వేస్తే ₹119, ₹240 అవుతాయి. ఇంతకుముందు రెంటికీ మధ్య ₹101 తేడా ఉండేది, ఇప్పుడు ₹121. ₹200 సరుకు తాగేవాడు ఒక మెట్టు కిందికి దిగితే చాలు, ధర పెరిగాక కూడా అతనికి ముందుకన్నా ₹81 మిగులుతుంది. ఆ మిగిలిన డబ్బుతో ఇంకో నైంటీ వస్తుంది. ధర పెంచామని ప్రభుత్వం చెబుతుంది, అతను తాగే గ్రాములు పెరుగుతాయి.

ఇలా జరగకుండా ఉండాలంటే పన్ను గ్రాము మీద వేయాలి. గ్రాముకు 33 పైసలు వేస్తే ఏ రకం క్వార్టరైనా ₹20 పెరుగుతుంది, తేడా అలాగే ఉంటుంది. దానికన్నా గట్టిది కనీస ధర. గ్రాముకు ఇంతకన్నా తక్కువకు ఎవరూ అమ్మకూడదని గీత గీయడం. గ్రాముకు ₹2 అని పెడితే క్వార్టరు ₹122 కన్నా కిందికి రాదు. ₹2.50 అయితే ₹152. స్ట్రాంగ్ బీరు విషయంలో అదే గీత ₹103 దగ్గర పడుతుంది, ఇప్పటి ధర ఎటూ దానికి పైనే ఉంది కాబట్టి బీరు రేటు కదలదు. అంటే కనీస ధర సరిగ్గా చౌక క్వార్టరునే పట్టుకుంటుంది, మిగతాది ముట్టుకోదు. కిందికి దిగాలన్నా దిగడానికి మెట్టు ఉండదు.

స్కాట్లండు చేసింది ఇదే. 2018 మే 1 నుంచి 8 గ్రాముల ఆల్కహాలుకు 50 పెన్నీల కనీస ధర పెట్టింది. అయిదేళ్ళ తర్వాత అక్కడి ప్రజారోగ్య సంస్థ లెక్క తీస్తే అమ్మకాలు 3 శాతం తగ్గాయి, కేవలం మద్యం వల్లే సంభవించే మరణాలు, ఆ ధర లేకపోతే ఉండేవాటితో పోలిస్తే, 13.4 శాతం తగ్గాయి. అమ్మకంలో 3, చావుల్లో 13. ఇంత తేడా ఎందుకంటే, చౌక సరుకు ఎక్కువగా తాగేది ఎక్కువగా తాగేవాళ్ళే. లివరు చెడిపోవడం మొదలైనవాడు కాస్త తగ్గించినా చావు వెనక్కి జరుగుతుంది. 2024 సెప్టెంబరు ఆఖరున ఆ ధరను 65 పెన్నీలకు పెంచారు కూడా. అదే నివేదికలు ఇంకో మాటా చెప్పాయి: పూర్తిగా వ్యసనంలో ఉన్న పేదవాళ్ళలో కొందరు తాగుడు తగ్గించకుండా తిండి తగ్గించుకున్నారు. మన ఇంటి లెక్కలో కనపడ్డ ₹843 అక్కడా కనపడింది.

ధర తగ్గిస్తే ఏమవుతుందో చూడాలంటే ఫిన్లండు. 2004 మార్చిలో మద్యం మీద పన్నును సగటున మూడోవంతు తగ్గించారు. పక్క దేశం నుంచి చౌక సరుకు వచ్చిపడుతుందన్న భయంతో చేసిన పని అది. ఆ తర్వాత మద్యంతో ముడిపడ్డ హఠాన్మరణాలు 17 శాతం పెరిగాయి.

మన దగ్గర జరిగింది

2019 అక్టోబరు 1 నుంచి మద్యం షాపులను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. 4,380గా ఉన్న షాపులను 3,500 చేసింది, పర్మిట్ రూములు తీసేసింది. ధర పెంచింది. షాపులు తగ్గించడం, కూర్చుని తాగే చోటు తీసేయడం, రెండూ మంచి పనులే, వాటి మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. తప్పు జరిగింది పెంచిన వేగంలో. 2020 మే 4న లాక్‌డౌన్ తర్వాత షాపులు తెరిచిన రోజు 25 శాతం, మర్నాడు ఇంకో 50 శాతం, రెండు రోజుల్లో 75 శాతం పెంచారు. కూలి పనులు ఆగిపోయి ఉన్న సమయం అది.

ఆ ఏడాది జూలై ఆఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. కరోనా కట్టడి వల్ల అక్కడ మద్యం షాపులు మూసి ఉన్నాయి. ఆ చావులను ధర ఖాతాలో రాసేవాళ్ళూ ఉన్నారు, షాపు మూత ఖాతాలో రాసేవాళ్ళూ ఉన్నారు. నాకు తోచేది వేరు. మందు లేకపోతే ఒళ్ళు వణికి, చెమటలు పట్టి, నిద్ర లేక, పిచ్చెక్కినట్టయ్యే స్థితిలో ఉన్న మనిషికి దారి మూసి, వైద్యం దారి తెరవకపోతే చేతికి అందిన సీసా ఎత్తుతాడు. దారి మూసింది ధరా, తాళమా అన్నది అతని ఒంటికి తెలియదు. శానిటైజరులో ఉండే ఆల్కహాలు 70, 80 శాతం దాకా ఉంటుంది, కొన్నిట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నాసిరకం వాటిలో మిథనాలు కూడా కలిసి ఉండవచ్చు. మిథనాలు ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు కంటి నరాన్ని కొడుతుంది. 10 మిల్లీలీటర్లతో చూపు పోవచ్చు, 30 మిల్లీలీటర్లతో ప్రాణమే పోవచ్చు. తాగిన చాలా గంటల తర్వాత గాని కళ్ళు మసకబారవు, కాబట్టి "ఏం కాలేదు" అని పడుకున్నవాడు తెల్లారేసరికి లేవడు.

2020 సెప్టెంబరులో చౌక రకాల ధర తగ్గించారు. జనం నాటుసారా వైపూ, శానిటైజరు వైపూ పోతున్నారన్నదే చెప్పిన కారణం. 2021 నవంబరులో పన్ను ఇంకోసారి తగ్గింది. ఎర్రగొండపాలెం, గిద్దలూరు పక్క నల్లమల అంచు ఊళ్ళలోనూ, ఉదయగిరి, సీతారామపురం కొండల కిందా బెల్లం ఊట డ్రమ్ములు ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్ళకు కొదవ లేదు. సర్కారు సరుకుకూ నాటుసారాకూ మధ్య ధరలో దూరం ఎంత పెరిగితే ఆ డ్రమ్ములు అన్ని పెరుగుతాయి. పక్క రాష్ట్రం ధరకూ మన ధరకూ దూరం పెరిగినా అంతే, లారీల్లో సరుకు దిగుతుంది. అందుకే ఒకేసారి 75 శాతం పెంచేకన్నా, ఏటా ఏప్రిల్ 1న, ఆ ఏడాది కూలి ఎంత శాతం పెరిగిందో దానికి ఇంకో 5 కలిపి పెంచుకుంటూ పోవడం మేలు. పదేళ్ళలో దూరం అంతే నడుస్తాం. సారా కాచేవాడికి ఒక్కసారిగా గిరాకీ రాదు, ప్రభుత్వానికి వెనక్కి తగ్గాల్సిన అవసరమూ రాదు. పెంచి వెనక్కి తగ్గడం వల్ల జరిగే నష్టం పెంచకపోవడం కన్నా ఎక్కువ. ధర మళ్ళీ దిగుతుందని అందరికీ ఆశ పుడుతుంది.

తర్వాతి ప్రభుత్వం 2024 అక్టోబరు 16 నుంచి 3,396 షాపులను ప్రైవేటుకు ఇచ్చి ₹99 క్వార్టరు తెచ్చింది. పిచ్చి బ్రాండ్లు పోయి నాణ్యమైనది తక్కువ ధరకు దొరుకుతుందన్నది వాదన. నాణ్యత మాట ఒప్పుకుంటాను, కల్తీ లేని మద్యం తాగేవాడి హక్కే. కానీ ఆల్కహాలు ఎంత శుభ్రమైనదైనా రోజుకు 120 గ్రాములు లివరు మీద పడితే ఫలితం ఒకటే. నాణ్యతకు చౌకదనం తోడు కావలసిన అవసరం ఎక్కడా లేదు. ఒక ప్రభుత్వం రెండు రోజుల్లో ఎక్కి కిందపడింది, ఇంకో ప్రభుత్వం కింది మెట్టునే ఇంకా కిందికి దించింది. రెండు పార్టీల అభిమానులకూ ఈ మాట నచ్చదని తెలుసు.

దీని వెనక ఖజానా ఉంది. మద్యం జీఎస్టీలోకి రాదు, దాని పన్ను పూర్తిగా రాష్ట్రం చేతిలో ఉంది, అడిగిన నెలలోనే డబ్బు వస్తుంది. 2022లో రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ ₹8,300 కోట్లకు పైగా బాండ్లు అమ్మింది. రేపటి అమ్మకాల మీద ఇవాళ అప్పు తెచ్చుకున్న సంస్థ, అమ్మకాలు తగ్గాలని ఎలా కోరుకుంటుంది? 1995 జనవరి 16న మొదలైన సంపూర్ణ మద్య నిషేధం 1997లో సడలిపోవడానికీ ఖజానాయే పెద్ద కారణం.

దూబగుంట ఆడవాళ్ళు ధర పెంచమనలేదు

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రిబళ్ళు నడిచాయి. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ అందులో ముందున్నారు, తర్వాత ఆమె ఊరి పేరుతోనే దూబగుంట రోశమ్మ అయ్యారు. ఆ కథ వాచకంలో "ఆడవాళ్ళు ఏకమైతే" పాఠంగా వచ్చి ఊరూరా చేరింది. 1992లో సారా వేలం పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, ఆ అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఆ ఉద్యమం సారా ధర పెంచమని అడగలేదు. ఊళ్ళోంచి తీసెయ్యమంది. 1980లలో ప్రభుత్వం తెచ్చిన వారుణివాహిని సారా ప్యాకెట్లతో సారా పొలం గట్టు దాకా, ఇంటి అరుగు దాకా వచ్చింది. చిన్న ప్యాకెట్, చిన్న ధర, నాలుగడుగుల దూరం. ఆ మూడింట్లో తమ చేతికి అందేది దూరమేనని ఆ ఆడవాళ్ళు సరిగ్గా పట్టుకున్నారు. ధర కలెక్టరాఫీసులో ఉంటుంది, అంగడి ఊళ్ళో ఉంటుంది.

ఇవాళ ఆ ప్యాకెట్ స్థానంలో బెల్టు షాపు ఉంది. ధర గురించి మనం చేసే లెక్కలన్నీ బెల్టు షాపు దగ్గర చెదిరిపోతాయి. లైసెన్సు షాపు పొద్దున 10కి తెరిచి రాత్రి 10కి మూస్తుంది. వ్యసనంలో ఉన్నవాడికి చేతులు వణికేది తెల్లవారుజామున. అయిదింటికి తలుపు తట్టినా ఇచ్చేది బెల్టు షాపే. ఎంఆర్‌పీ మీద పది నుంచి ముప్ఫై రూపాయలు ఎక్కువ తీసుకుంటారు. అంటే రోజూ తాగేవాడు ఇప్పటికే పెరిగిన ధర కడుతున్నాడు, ఆ పెంపు ఖజానాకు గాని ఆసుపత్రికి గాని చేరడం లేదు. ఇంకా ముఖ్యమైనది, బెల్టు షాపులో అప్పు పుడుతుంది. క్వార్టరు ధర పెరిగిన సంగతి జేబులోంచి డబ్బు తీసేటప్పుడు తెలుస్తుంది. ఖాతాలో రాయించుకునేవాడికి వారం చివర బటవాడా రోజున గాని తెలియదు, అప్పటికి తాగడం అయిపోయింది. సీసా విప్పి పెగ్గు లెక్కన అమ్మడం వల్ల ₹99 లేనివాడు కూడా ₹40తో మొదలుపెడతాడు. ధర చేసే పనిని ఈ మూడు మార్గాలూ, వేళ, అప్పు, విడి అమ్మకం, మొద్దుబారుస్తాయి.

బెల్టు షాపు ఎందుకు పోదో కూడా చెప్పుకోవాలి. 2024 అక్టోబరులో వచ్చిన విధానంలో లైసెన్సుదారు జనాభాను బట్టి ఏడాదికి ₹50 లక్షల నుంచి ₹85 లక్షల దాకా పన్ను కట్టాలి. కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళతోనే ఆ డబ్బు రాకపోతే, చుట్టుపక్కల ఊళ్ళకు పెట్టెలు పంపడం తప్ప అతనికి దారి ఉండదు. ఒక్కో మనిషిని పట్టుకుని సంచిలో పది సీసాలు చూపించి కేసు రాయడం వల్ల ఏమీ తేలదు. సీసా మూత మీద అంటించే ఎక్సైజ్ లేబులుకు నంబరు ఉంటుంది. బెల్టు షాపులో పట్టుబడ్డ సీసా ఏ డిపోనుంచి ఏ షాపుకు వెళ్ళిందో దాన్నిబట్టి వెనక్కి పోవచ్చు. కేసు ఆ షాపు మీద పడాలి. గ్రామసభలో ఆడవాళ్ళు తీర్మానం రాసేటప్పుడు "బెల్టు షాపు తీసెయ్యాలి" అని ఒక్క వాక్యం రాసి వదలకుండా, ఖాళీ సీసాల లేబులు నంబర్లు, తేదీలు, వేళలు జత చేసి ఇస్తే దాన్ని పక్కన పడెయ్యడం కష్టం. ఆ విధానం కింద ఇచ్చిన లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30 దాకా. తర్వాతి విధానంలో పన్నును షాపుకు ఇంత అని కాకుండా అమ్మిన గ్రాములకు ఇంత అని మారిస్తే పెట్టెలు తోయాల్సిన ఒత్తిడి సగం తగ్గుతుంది.

ఆ ₹843 వెనక్కి రావాలి

ధర పెంచినందువల్ల ఒక ఇల్లు నెలకు ₹843 అదనంగా కడుతుంటే, ఆ డబ్బులో కొంతైనా ఆ ఇంటి మనిషి వైద్యానికి రావాలి. క్వార్టరుకు ఒక్క రూపాయి పక్కన పెట్టమనండి. రోజుకు వెయ్యి క్వార్టర్లు అమ్మే షాపు అయితే నెలకు ₹30,000 వస్తుంది. మండలానికి ఒక కౌన్సెలర్ జీతం అది. 2019 సర్వే ప్రకారం దేశంలో మద్యం వ్యసనంలో ఉన్న 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందింది. మిగతా 37 మంది మీద ధర ఎంత పెంచినా అది పన్ను వసూలే అవుతుంది, చికిత్స కాదు.

వైద్యం అనగానే మన ఊళ్ళలో జరిగేది రెండు. ఒకటి, తాయెత్తు కట్టించి, మాల వేయించి, ఉన్నపళంగా మాన్పించడం. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి లేనివి కనపడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం, జ్వరం వస్తాయి. ఇది ప్రాణం తీసే స్థితి. 2020 మార్చి ఆఖరులో షాపులన్నీ మూసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం తండోపతండాలుగా వచ్చింది దీంతోనే. ఊళ్ళో దీన్ని గాలి సోకిందంటారు, ఆసుపత్రికి వెళ్ళాల్సిన ఆ ఒక్క రోజూ అక్కడే గడిచిపోతుంది.

నీరసంగా ఉన్నాడని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళితే ముందు గ్లూకోజు ఎక్కిస్తాడు. రోజూ తాగేవాడి ఒంట్లో థయమిన్, అంటే బీ1 విటమిను, అడుగంటి ఉంటుంది. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతినవచ్చు. ఆసుపత్రిలో థయమిన్ ముందు ఇస్తారు, వణుకు తగ్గించే మందులను రోజురోజుకూ తగ్గించుకుంటూ ఇస్తారు, వారం పది రోజుల్లో ఒళ్ళు కుదుటపడుతుంది.

రెండోది, ఆడవాళ్ళు దిక్కుతోచక చేసే పని. మందు మాన్పించే మాత్రలు తెచ్చి కూరలోనో మజ్జిగలోనో తెలియకుండా కలపడం. ఆ మాత్ర ఎక్కువగా డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. ఆఖరి చుక్క తాగి కనీసం 12 గంటలు గడవందే అది మొదలుపెట్టకూడదు, ఆపిన తర్వాత కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. అతనికి తెలిసి, అతను ఒప్పుకుని వేసుకుంటేనే అది మందు. కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి వేరే ఉన్నాయి. ఎవరికి ఏది అన్నది లివరు, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరు చెప్పాలి.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైను 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, రెండూ ఉచితం, టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. మనిషిని తీసుకెళ్ళేటప్పుడు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుని వెళ్ళండి: రోజుకు ఎన్ని క్వార్టర్లు, ఎన్నేళ్ళుగా, ఆఖరిసారి తాగింది ఏ రోజు ఎన్ని గంటలకు, ఇంతకుముందు ఆపినప్పుడు మూర్ఛ వచ్చిందా. ఒకసారి మూర్ఛ వచ్చినవాడిని ఇంట్లో ఉంచి మాన్పించే ప్రయత్నం చెయ్యొద్దు, మొదటి రోజే చేర్పించాలి.